సస్పెన్స్ నవలను రాసేవారి కళ్లతో చదవడం, సమీక్షించడం ఎలా?

ఒక సస్పెన్స్ నవలను తెల్లవారుజాము దాకా మేలుకుని పూర్తిచేసిన పాఠకుణ్ణి, అది నిన్ను అంతసేపు ఎలా కూర్చోబెట్టిందని అడిగితే, తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రుత అని చెబుతాడు. పాఠకుడికి ఆ జవాబు చాలు. రేపో మాపో తానే ఒక నవల రాయాలనుకుంటున్న మనిషికి మాత్రం అది చాలదు. ఏ సంగతి ఎవరికి ఎప్పుడు తెలియాలన్న విషయంలో రచయిత చేసిన ఏర్పాటు నుంచే ఆ ఆత్రుత పుడుతుంది. అవే సంఘటనలను వరుస మార్చి చెబితే పత్రికలో మూడో పేజీ నేరవార్త మిగులుతుంది. అందువల్ల ఈ రకం నవలను చదవడమన్నా, దానిమీద సమీక్ష రాయడమన్నా, ప్రధానంగా ఆ ఏర్పాటును కనిపెట్టడమే. ఇందుకోసం నేను కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని, అందులో నేను చేసిన ఒక పొరపాటుతో సహా, వరుసగా వివరిస్తాను.

ముందు మామూలు పాఠకుడిగా ఒకసారి

మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను పట్టుకుని, ప్రతి పేరా పక్కనా వ్యాఖ్యలు రాస్తూ కూర్చోకండి. సస్పెన్స్ నవల ఏ పాఠకుడి మీదనైనా పూర్తి బలంతో పనిచేసేది ఒక్కసారే. ఆ ఒక్క అవకాశాన్నీ పరిశీలన పేరుతో పాడుచేసుకుంటే, ఆ నవల మీమీద ఏ ప్రభావం చూపగలిగేదో మీకు ఎప్పటికీ తెలియకుండా పోతుంది. వీలైతే రెండు మూడు విడతల్లో పూర్తిచేయండి. రోజుకు నాలుగు పేజీల చొప్పున రెండు నెలలు చదివితే, రచయిత కూర్చిన వేగం మీ చేతికి అందదు, పైగా కథ నిదానంగా నడిచిందన్న నింద ఆయన మీద పడుతుంది. అట్ట వెనక రాసిన పరిచయాన్నీ, ఇతరుల సమీక్షలనూ అప్పటిదాకా చూడకపోవడం మంచిది.

అయితే పుస్తకంలో ఒక చీటీ పెట్టుకుని, మూడు రకాల చోట్ల పేజీ అంకె మాత్రం వేసుకోండి. పుస్తకం మూసి లేచిపోవాలనిపించిన చోటు మొదటిది. వాక్యాలు దాటేసి ముందుకు పరుగెత్తిన చోటు రెండోది. ఉలిక్కిపడి నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్న చోటు మూడోది. వీటిలో రెండోది కాస్త జాగ్రత్తగా చూడవలసినది. విసుగు పుట్టి దాటేయడం వేరు, ఆగలేక దాటేయడం వేరు. ఆగలేక దాటేశారంటే అది రచయిత గెలుపే. పైగా, గట్టి చేయి తిరిగిన రచయితలు అసలైన ఆధారాన్ని సరిగ్గా అలాంటి చోటే, మీరు పరుగులో ఉన్నప్పుడు, ఒక వర్ణన మధ్యలో దాచిపెడతారు. రెండోసారి చదివేటప్పుడు మీరు దాటేసిన ఆ వాక్యాలను ముందుగా చూడండి.

ఇంకో రెండు చోట్ల కాసేపు ఆగాలి. 300 పేజీల నవల అయితే 100వ పేజీ దగ్గర ఒకసారి, 200వ పేజీ దగ్గర ఒకసారి ఆగి, ఏం జరగబోతోందనుకుంటున్నారో, ఎవరిమీద అనుమానం ఉందో, ఎందుకు ఉందో ఐదారు వాక్యాల్లో రాసి, కింద తేదీ వేయండి. తేదీ ఎందుకంటే, ఫలితం తెలిశాక అది తమకు ముందే తెలుసని అనుకోవడం మనుషులకు సహజం. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ భ్రమను ప్రయోగాలు చేసి చూపించాడు. చీటీ మీద రాసుకోని సమీక్షకుడు ఆ భ్రమలోనే “ముగింపును నేను సగంలోనే ఊహించాను” అని రాసి, రచయితకు అన్యాయం చేస్తాడు. రాసుకున్నవారికి రెండో లాభం కూడా ఉంది. తప్పిన ఊహ దగ్గరకు తిరిగి వెళ్లి, మీలో ఆ తప్పుడు అనుమానం పుట్టించిన వాక్యం ఏదో వెతికితే, రచయిత మీ చేయి పట్టుకుని పక్కదారిలోకి నడిపించిన చోటు అక్షరాలా కనబడుతుంది. సరిగ్గా తగిలిన ఊహ నుంచి ఇంత నేర్చుకోలేం.

ఎవరికి ఏం తెలుసు: మూడు గడుల పట్టిక

చదవడం పూర్తయ్యాక వారం పది రోజులు ఆగి రెండోసారి మొదలుపెట్టండి. ముగింపు తెలిసిపోయిన నవలలో ఇంకేం మిగిలి ఉంటుందన్న సందేహం చాలామందికి ఉంటుంది. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ ప్రచురించిన పరిశోధనలో, ముగింపు ముందే చెప్పి చదివించిన చిన్న కథలను పాఠకులు, చెప్పకుండా చదివించిన వాటికంటే కొంచెం ఎక్కువగానే ఇష్టపడ్డారు. అవి చిన్న కథలు కాబట్టి 300 పేజీల నవలకు కూడా అదే వర్తిస్తుందని నేను వాదించను, సమీక్షలో ముగింపు చెప్పేయడానికి దాన్ని అనుమతిపత్రంగా వాడుకోవద్దని కూడా మనవి. ఫలితం తెలిసినంత మాత్రాన పట్టు పూర్తిగా సడలిపోదని మాత్రం దాన్నిబట్టి ధైర్యం తెచ్చుకోవచ్చు.

నోటుబుక్కులో పేజీని మూడు నిలువు గడులుగా గీయండి. ఒక్కో అధ్యాయం ముగిసేసరికి పాఠకుడికి ఏం తెలుసో మొదటి గడిలో, ప్రధాన పాత్రకు ఏం తెలుసో రెండో గడిలో, రచయిత ఇంకా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది మూడో గడిలో రాయండి. మూడో గడిని నింపడం రెండో పఠనంలోనే సాధ్యం. అధ్యాయానికి గడికి ఒకటి రెండు వాక్యాలు చాలు, వ్యాసాలు అక్కర్లేదు. పదిహేను అధ్యాయాలు పూర్తయ్యేసరికి నవల ఎక్కడ ఏ రకమైన పట్టు మీద నడుస్తోందో పట్టికే చెబుతుంది. మొదటి గడి బరువుగా, రెండో గడి తేలికగా ఉన్నచోట ఉత్కంఠ ఉంటుంది, ఎందుకంటే ప్రమాదం మనకు కనబడుతోంది, పాత్రకు కనబడడం లేదు. రెండు గడులూ సమానంగా ఉన్నచోట పాత్రతో కలిసి మనమూ వెతుకుతుంటాం. రెండో గడిలో ఉన్నది మొదటి గడిలో లేకపోతే, అంటే పాత్రకు తెలిసినది మనకు చెప్పకపోతే, అది రహస్యం. అది విప్పిన క్షణంలో కలిగేది ఆశ్చర్యం.

ఉత్కంఠకూ ఆశ్చర్యానికీ ఉన్న ఈ తేడాను సస్పెన్స్ చిత్రాల దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో బల్ల కింద బాంబు ఉదాహరణతో చెప్పాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని ఏవో లోకాభిరామాయణం మాట్లాడుకుంటూ ఉండగా హఠాత్తుగా బాంబు పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఒంటిగంటకు పేలుతుందనీ, గడియారంలో పన్నెండూ ముప్పావు అయిందనీ ముందే చూపిస్తే, అదే సంభాషణ పదిహేను నిమిషాల ఉత్కంఠ అవుతుంది. ఈ లెక్కను అందరూ ఉదహరిస్తారు గాని, రాసేవారికి ఇందులో ఇంకొక పాఠం ఉంది: బాంబు సంగతి పాఠకుడికి అందాక, ఆ ఇద్దరూ మాట్లాడుకునేది ఎంత మామూలు విషయమైతే అంత మంచిది. వాళ్లు కూడా ప్రమాదం గురించే మాట్లాడితే పట్టు పోతుంది. మీ పట్టికలో మొదటి గడి నిండుగా ఉన్న అధ్యాయాల్లో సంభాషణలు ఏ విషయం మీద నడిచాయో పక్కన రాసిపెట్టుకోండి.

ఫలితం తెలిసినా పట్టు నిలుస్తుందనడానికి ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో ప్రచురించిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’ను మించిన నిదర్శనం నాకు కనబడలేదు. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి కుదుర్చుకున్న కిరాయి హంతకుడి కథ అది. డిగాల్ 1970 నవంబరులో తన ఇంట్లోనే సహజంగా మరణించాడు, కాబట్టి హత్యాప్రయత్నం ఫలించదని పుస్తకం తెరవకముందే పాఠకుడికి తెలుసు. చంపుతాడా లేదా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. ఎంత దగ్గరదాకా వెళ్తాడు, ఎక్కడ బెడిసికొడుతుంది అన్న ప్రశ్న మీద నవలంతా నడుస్తుంది. అందుచేత పట్టికలో గడుల కింద ఒక అడ్డగీత గీసి, ఆ అధ్యాయం ముగిసేసరికి మీ మనసులో నిలిచిన ఒకే ఒక్క ప్రశ్నను ప్రశ్నార్థకంతో సహా రాయండి. మంచి నవలలో ఈ ప్రశ్న మారుతూ ఉంటుంది. ఒక చిన్న ప్రశ్నకు జవాబు ఇస్తూనే రచయిత దాని వెనకనుంచి మరొకటి లేపుతాడు. వరుసగా ఆరు అధ్యాయాల కింద ఒకే ప్రశ్న రాయవలసి వచ్చిందంటే, మీరు నడుమ భాగంలో పుస్తకం మూసి లేచిపోవాలనుకున్న పేజీ అంకె బహుశా ఆ ఆరింటిలోనే ఉంటుంది.

ఒక పేరాను దగ్గరగా చూడడం

పట్టిక నవల మొత్తానికి. వాక్యాల స్థాయిలో ఏం జరుగుతోందో చూడడానికి ఏదైనా ఒక్క పేరాను తీసుకుని, చేతిరాతతో ఎత్తిరాసి, దాన్ని విప్పి చూడాలి. చేత్తో రాస్తే కన్ను దాటేసే మాటలను చేయి దాటేయలేదు. ఇక్కడ ఉదాహరణ కోసం నేనే ఒక పేరా రాస్తున్నాను. శారద అనే ఆవిడ ఒంటరిగా ఉంటుందని మొదటి పేజీలోనే చెప్పేశారనుకోండి.

“శారద తాళం తీసి లోపలికి వచ్చింది. పొద్దున తొందరలో విప్పి పడేసిన చెప్పులు గోడవారగా, ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి. ఆమె ఫ్యాను వేసుకుని, సంచీలోంచి ఉత్తరాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. మొదటిది కరెంటు బిల్లు. రెండోది ఎప్పటిలాగే అక్క రాసిన నాలుగు పేజీల ఉత్తరం. దాన్ని ఆమె నవ్వుకుంటూ చదవసాగింది.”

ఇందులో పని చేసేది రెండో వాక్యం. అది పేరా చివర లేదు. చివర ఉంటే ఢంకా కొట్టి చెప్పినట్టు ఉండేది. “శారద దాన్ని గమనించలేదు” అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట రాస్తే కథకుడు మన భుజం తట్టి చూపించినట్టు అవుతుంది, మనం కనిపెట్టామన్న తృప్తి పోతుంది. ‘పొద్దున తొందరలో విప్పి పడేసిన’ అన్న విశేషణం లేకపోతే చెప్పులు సర్ది ఉండడంలో వింతేమీ లేదు, కాబట్టి ఆధారం మొత్తం ఆ నాలుగు మాటల్లోనే ఉంది. తర్వాతి నాలుగు వాక్యాల్లో ఏమీ జరగదు. అవే అసలైన ఉత్కంఠ వాక్యాలు, వాటిలో అక్క ఉత్తరం నాలుగు పేజీలదని చెప్పడం కేవలం మనల్ని మరికాసేపు ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికే.

ఇప్పుడు రెండో వాక్యాన్ని తీసేసి, చివర “మూడో ఉత్తరం తెరుస్తుండగా ఫ్యాను ఆగింది, వెనక గదిలో ఎవరో దగ్గారు” అని చేర్చి చదవండి. అది ఆశ్చర్యం. పనికొస్తుంది గాని, దాని ముందున్న వాక్యాలన్నీ చచ్చుపడిపోతాయి. తర్వాత రెండూ ఉంచి చదవండి. మూడు రకాలనూ మీ చేత్తో రాసి చూసుకున్నాక, మీకు నచ్చిన నవలలోని ఒక పేరాకు ఇదే పరీక్ష పెట్టండి. నెలకు ఒక్క పేరా చేసినా చాలు.

తెలుగు క్రియ దాచేది, బయటపెట్టేది

తెలుగులో రాయబోయేవారు తెలుగు సస్పెన్స్ నవలల్లోనూ, అనువాదాల్లోనూ ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. మన క్రియ మనిషి ఆడో మగో చెప్పేస్తుంది. “వచ్చాడు” అనగానే అనుమానితుల జాబితా సగానికి తగ్గిపోతుంది. ముసుగు వేసుకున్న మనిషిని రచయిత ఎలా నడిపించాడో చూడండి. “ఎవరో వచ్చారు” అంటే ఆడా మగా, ఒకరా ఇద్దరా అన్నది తేలదు. “ఆకారం కదిలింది”, “ఆ చేయి గడియ తీసింది” అంటూ మనిషికి బదులు నీడనో, అవయవాన్నో కర్తగా నిలబెట్టడం మరో దారి. ఇది ఒకటి రెండుసార్లు బాగుంటుంది. ఇరవైసార్లు చేతులూ నీడలే తిరుగుతుంటే, రచయిత దేన్నో దాచడానికి అవస్థ పడుతున్నాడని పాఠకుడికి తెలిసిపోతుంది. “తలుపు తెరవబడింది” లాంటి కర్మణి వాక్యం ఆఫీసు కాగితంలా వినిపిస్తుంది. “తలుపు తెరుచుకుంది” అంటే తీసినవారి ఊసే లేకుండా సహజంగా పని జరిగిపోతుంది. ఉత్తమ పురుషలో “వచ్చాను, చూశాను” అని కథ చెప్పేవారు ఆడో మగో నవలంతా తెలియనివ్వకుండా నడపవచ్చు. “వచ్చింది” అన్న రూపం స్త్రీకీ, పిల్లికీ, రైలుకీ కూడా సరిపోతుంది కాబట్టి, కర్తను ఎగరగొట్టిన వాక్యంలో దాంతో చిన్న చిన్న మాయలు చేయవచ్చు.

‘హంతకుడు’ అన్న మాటను ఎవరు వాడారో కూడా గుర్తు పెట్టుకోండి. కథలోని పోలీసు అధికారి “హంతకుడు ఈ కిటికీలోంచే దూకాడు” అని అనవచ్చు, ఎందుకంటే అది అతని ఊహ, తప్పయినా తప్పు లేదు. అదే మాటను కథకుడు తన సొంత గొంతుతో చెప్పి, చివరికి నేరం చేసింది స్త్రీ అని తేల్చితే అది అబద్ధం. నా దృష్టిలో రెండింటికీ హస్తిమశకాంతరం ఉంది, సమీక్షలో ఎత్తిచూపవలసిన లోపాల్లో ఇది ముందు వరసలోది.

కాలం, అధ్యాయాల కొసలు

దీన్ని త్వరగా చేయవచ్చు. ప్రతి అధ్యాయానికి ఎన్ని పేజీలో, అందులో కథాకాలం ఎంత గడిచిందో రెండు అంకెలు వేసుకుంటూ పోండి. మూడో అధ్యాయం పన్నెండు పేజీల్లో మూడు నెలలు గడిపేసి, ఇరవయ్యో అధ్యాయం పధ్నాలుగు పేజీల్లో పదకొండు నిమిషాలే నడిచిందని తేలితే, రచయిత ఎక్కడ గేరు మార్చాడో ఆ అంకెల్లోనే కనబడుతుంది. అధ్యాయాల చివరి వాక్యాలను మాత్రం వరుసగా ఒక కాగితం మీద ఎత్తిరాయండి. విల్కీ కాలిన్స్ ‘ది వుమన్ ఇన్ వైట్’ 1859 నుంచి 1860 వరకు చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో వారం వారం వచ్చింది, అలాంటి సీరియల్‌కు ప్రతి కొసా పాఠకుణ్ణి ఏడు రోజులు నిలిపి ఉంచాలి. పుస్తకం మొత్తం చేతిలో ఉన్న పాఠకుడికి అంత గట్టి కొస ప్రతిసారీ అవసరం లేదు. తలుపు ఎవరో దబదబా బాదారని అధ్యాయం ముగించి, తర్వాతి పేజీలో పక్కింటివారు వచ్చారని తేల్చడం ఒక నవలలో ఒక్కసారి క్షమించవచ్చు. మీరు ఎత్తిరాసిన కాగితం మీద అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు దాటితే ఆ సంగతి సమీక్షలో రాయదగినదే.

రచయిత మోసం చేశాడా, మాయ చేశాడా

పాఠకుణ్ణి పక్కదారి పట్టించడం రచయిత హక్కు, అబద్ధం చెప్పడం హక్కు కాదు. 1929లో ఆంగ్ల రచయిత రోనల్డ్ నాక్స్ అపరాధ పరిశోధక కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ తొలి భాగంలోనే ప్రస్తావనకు రావాలనీ, పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి వెంటనే చూపాలనీ వాటిలో ఉన్నాయి. సస్పెన్స్ నవల అపరాధ పరిశోధన కంటే విశాలమైనది, ఇక్కడ నేరస్థుడెవరో మొదటి పేజీలోనే తెలిసినా నష్టం లేదు, కాబట్టి ఆ నియమాలను తూకపురాళ్లలా వాడకూడదు. కానీ ముగింపు తెలిసిన మీరు తొలి 50 పేజీలు తిరిగి చదివినప్పుడు, ప్రతి వాక్యమూ నిజమే అయి ఉండి, మీరే దాన్ని వేరే విధంగా అర్థం చేసుకున్నారని తేలితే, అది మాయ. వాక్యమే తప్పని తేలితే అది మోసం.

నాకు ఎక్కువగా కనబడే మోసం ఒకటి ఉంది. కథనం ఒక పాత్ర మనసులోంచే నడుస్తూ, ఆ పాత్ర ఆలోచనలన్నీ మనకు వినిపిస్తూ ఉంటుంది. ఒక ఉత్తరం వస్తుంది. “అతను దాన్ని చదివి నివ్వెరపోయాడు. ఇక ఏం చేయాలో అతనికి స్పష్టంగా తెలిసింది.” అధ్యాయం అయిపోతుంది. ఉత్తరంలో ఏముందో అరవై పేజీల దాకా చెప్పరు. అప్పటిదాకా ఆ తలలో కూర్చున్న పాఠకుణ్ణి సరిగ్గా ఆ క్షణంలో బయటికి గెంటేశారన్నమాట. దీన్ని సరిచేసే దారులు ఉన్నాయి: ఆ అధ్యాయాన్ని ఇంకొకరి చూపులోంచి చెప్పవచ్చు, లేదా ఉత్తరంలో ఉన్నది చెప్పేసి, దాని ఫలితం మీద ఉత్కంఠను నిలబెట్టవచ్చు. రెండో దారి కష్టమైనది, దాదాపు ఎప్పుడూ మేలైనది.

యాదృచ్ఛిక సంఘటనలకు కూడా ఒక లెక్క ఉంది. కాకతాళీయంగా పాత్ర ఇబ్బందుల్లో పడితే పాఠకుడు అభ్యంతరం చెప్పడు; కాకతాళీయంగా బయటపడితే ఊరుకోడు. రెండోరకం ఎక్కడెక్కడ ఉన్నాయో పేజీ అంకెలతో రాసిపెట్టుకుంటే, సమీక్షలో “కథనం నమ్మశక్యంగా లేదు” అని గాలిలో మాట వదలవలసిన అవసరం ఉండదు.

ఇక సమీక్ష రాయడం

ఇప్పటికి మీ దగ్గర చీటీ, ఊహలు రాసుకున్న కాగితం, మూడు గడుల పట్టిక, ఒక పేరా విశ్లేషణ ఉన్నాయి. ఇవన్నీ మీ సొంత నోటుబుక్కుకు చెందినవి, అక్కడ ముగింపుతో సహా అన్నీ విప్పి రాయవచ్చు. పదిమంది చదివే సమీక్ష వేరే రచన. దానికి నోటుబుక్కు నుంచి ఐదో వంతు కూడా పట్టదు.

కథ ఎంతవరకు చెప్పాలన్నది మొదట తేల్చుకోండి. నవలలో తొలి పావు భాగంలో జరిగినది చెప్పవచ్చు, ఆ తర్వాతిది చెప్పకూడదు అన్న హద్దు నేను పెట్టుకున్నాను. 300 పేజీల్లో 75వ పేజీ దాకా. దాదాపు అన్ని నవలల్లోనూ అప్పటికి సమస్య మొదలై ఉంటుంది, కాబట్టి పాఠకుడికి రుచి చూపడానికి అది సరిపోతుంది. కానీ కథ చెప్పకపోయినా ముగింపు బయటపడే దారులు చాలా ఉన్నాయని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒక నవల గురించి రాస్తూ, మొత్తం మూడే సన్నివేశాల్లో కనబడే ఒక మందుల దుకాణం గుమాస్తాను రచయిత ఎంత నేర్పుగా తీర్చిదిద్దాడో మెచ్చుకున్నాను. ముగింపు గురించి ఒక్క ముక్క అనలేదన్న తృప్తి కూడా పడ్డాను. ఆ సమీక్ష చూసి పుస్తకం కొన్న మిత్రుడు 60వ పేజీ దగ్గర ఫోన్ చేసి, “గుమాస్తా ఇప్పుడే వచ్చాడోయ్. వీడే కదూ?” అన్నాడు. అంత చిన్న పాత్రను పనిగట్టుకుని మెచ్చుకోవడానికి వేరే కారణం ఏముంటుందని అతను వేసిన లెక్కలో తప్పు లేదు.

అలాగే “చివరి మలుపును ఎవరూ ఊహించలేరు” అన్న వాక్యం మలుపు ఏమిటో చెప్పకపోయినా, మలుపు ఉందని చెప్పేస్తుంది. ఆ మాట విన్న పాఠకుడు కనిపించిన ప్రతివారినీ అనుమానిస్తూ చదువుతాడు, రచయిత అతనికోసం పరిచిన దారిలో నడవడు. ముగింపు లోకానికంతా తెలిసిన మరో నవలతో పోల్చడం కూడా అలాంటిదే. సమీక్ష పూర్తయ్యాక, ఈ నవల చదవని ఒక చురుకైన స్నేహితుడికి చూపించి, నేరం ఎవరిదై ఉంటుందో చెప్పమని అడగండి. అతను సరిగ్గా చెబితే తిరగరాయండి. ముగింపును చర్చించకుండా మీ విమర్శ నిలవదనుకుంటే, ఆ భాగాన్ని చివర విడిగా పెట్టి, ఇక్కడినుంచి ముగింపు ప్రస్తావన ఉందని పైన స్పష్టంగా రాయండి.

తర్వాతిది, నిజంగా ఏదైనా చెప్పడం. ఈ నాలుగు వాక్యాలు చూడండి: “కథ ఆద్యంతం ఉత్కంఠభరితంగా సాగింది. పాత్రలు సజీవంగా ఉన్నాయి. శైలి ఏకబిగిన చదివిస్తుంది. సస్పెన్స్ ప్రియులు తప్పక చదవవలసిన నవల.” వీటిని కత్తిరించి ఏ నవలకు అతికించినా అతుకుతాయి, కాబట్టి ఇవి ఏ నవల గురించీ చెప్పడం లేదు. పైన రాసిన శారద కథే ఒక నవల అయితే, పట్టిక ముందు పెట్టుకుని రాసిన సమీక్ష ఇలా ఉండవచ్చు: “శారద ఒంటరిగా ఉంటుందని మొదటి పేజీలో చెప్పిన రచయిత్రి, ఐదో పేజీలో ఆమె చెప్పులను ఎవరో సర్దిపెట్టినట్టు మనకు చూపి, ఆమెకు మాత్రం చూపరు. అక్కడినుంచి నలభై పేజీల దాకా ఆవిడ ఉత్తరాలు చదవడం, దీపం ఆర్పడం, నిద్రపోవడం వంటి మామూలు పనులన్నీ మనల్ని భయపెడతాయి. కథ పోలీస్ స్టేషనుకు మారాక ఈ పట్టు సడలింది, ఎందుకంటే మనకు అప్పటికే తెలిసిన సంగతిని నలుగురు పాత్రలు ఒకరి తర్వాత ఒకరు తెలుసుకుంటూ ఉంటే మనం ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చింది.” మెచ్చుకోలుకూ విమర్శకూ రెండింటికీ ఇక్కడ ఆధారం ఒకటే: ఎవరికి ఏం తెలుసు. కథ తెలియని పాఠకుడికి ఏదీ చెడలేదు, రచయిత్రికి తర్వాతి నవలలో పనికొచ్చే మాట ఒకటి దొరికింది.

విమర్శించేటప్పుడు, ఈ నవల తొలి 30 పేజీల్లో పాఠకుడికి ఏ మాట ఇచ్చిందో, దాన్ని నిలబెట్టుకుందో లేదో చూడండి. మెల్లగా, ఒకే ఇంట్లో, ఇద్దరి మధ్య నడిచే భయాన్ని వాగ్దానం చేసిన నవలలో కారు ఛేజింగులు లేవని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. రాయాలనే కోరిక ఉన్నవారికి ఇంకో ప్రలోభం ఉంటుంది: “నేనైతే ఇలా ముగించేవాణ్ణి” అని రాయడం. ఆ ముగింపు నిజంగా బాగుంటే నోటుబుక్కులో దాచుకోండి, మీకే పనికొస్తుంది. రచయిత మీకు పరిచయస్తులైతే ఆ మాట సమీక్షలో చెప్పేయండి. పాత్రల పేర్లు, ఊళ్లు, ప్రచురణ సంవత్సరం పుస్తకంలో మరోసారి సరిచూసుకోండి, ఎందుకంటే కథానాయిక పేరే తప్పు రాసిన సమీక్షలోని మిగతా మాటలను ఎవరూ నమ్మరు. 400 నుంచి 600 మాటల నిడివి చాలు. ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున ఒకసారి గట్టిగా పైకి చదివి, అప్పుడు పంపండి.

మీ రాతప్రతి దగ్గరికి

ఐదారు నవలలకు ఇలా చేశాక, మీరు రాస్తున్న నవలకు కూడా అదే పట్టిక గీయండి. సొంత రచనలో మూడో గడి నింపడం చాలా తేలిక, మొదటి గడి నింపడమే కష్టం. మన తలలో ఉన్నదంతా కాగితం మీద కూడా ఉందని భ్రమపడతాం. అందుకని రాతప్రతిని నమ్మకమైన ఒకరికి ఇచ్చి, అభిప్రాయం అడగకుండా, మొదట చెప్పిన చీటీనే చేతికివ్వండి. మూసి లేచిపోవాలనిపించిన చోటు, దాటేసిన చోటు, వెనక్కి తిప్పిన చోటు, మూడో వంతు దగ్గరా మూడింట రెండు వంతుల దగ్గరా వారి ఊహలు, వీటిని మాత్రమే అడగండి. చీటీ తిరిగి వచ్చాక, 100వ పేజీ దగ్గర వారు ఎవరిని అనుమానించారో చూసి, ఆ అనుమానం పుట్టించిన వాక్యం మీ రాతప్రతిలో ఏదో వెతికి పట్టుకోండి. అది మీరు కావాలని రాసిన వాక్యం అయితే అలాగే ఉంచండి. మీకు తెలియకుండా పడిన వాక్యం అయితే, దాన్ని తీసేసే ముందు ఆ అనుమానాన్ని వాడుకోవచ్చేమో ఒకసారి ఆలోచించి, పట్టికలో మూడో గడి దిద్దుకోండి.